పెద్దల సభకు ఉప్పు మూట

ఢిల్లీ వెళ్ళేవాళ్ళు స్వెటర్లు సర్దుకుంటారు. మా పైడమ్మ వదిన ఉప్పు సర్దుకుంది. స్వెటర్ పెట్టుకోవే అంటే, "సలి ఎల్లిపోద్ది గాని, ఒట్టి సేతుల్తో పెద్దల దగ్గరికెల్తే ఏటి బాగుంటాది?" అని నన్నే మందలించింది. పాత చీర చెంగు చింపి, అందులో కల్లుప్పు పోసి, రెండు ముడులు వేసి సంచి అడుగున పెట్టింది. ఆ మూట వల్ల మేము పడ్డ అవస్థలు, దాని పుణ్యాన మాకు దొరికిన మంచి మనుషులు, ఈ రెండూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం తీరంలో ఉప్పు పండే ఊరు. నేను అక్కడి హైస్కూల్లో సోషల్ పాఠాలు చెబుతాను. వదిన మా అన్నయ్య భార్య. అన్నయ్య మోకాళ్ళు అరిగిపోయి మడిలోకి దిగడం మానేశాక ఉప్పు మడులన్నీ ఆవిడే చూసుకుంటోంది. ఉప్పు పండించడమంటే చాలామంది సముద్రం నీళ్ళు ఎండబెట్టడమే అనుకుంటారు. ముందు మడి అడుగు బంకమట్టిని కాళ్ళతో రోజుల తరబడి తొక్కి గచ్చులా చెయ్యాలి. అప్పుడు నీళ్ళు పెట్టాలి. ఎండ కాయాలి. అన్నీ అయ్యాక వాన రాకూడదు. పోయిన వేసవిలో వచ్చింది. గట్టు మీద పోసిన రాశులు కళ్ళముందే కరిగి మళ్ళీ సముద్రంలోకి పోయాయి.

మా ఊళ్ళోనే పక్క వీధిలో సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాళ్ళున్నారు. వేట నిషేధమున్న రోజుల్లో వాళ్ళకు భృతి వస్తుంది. వానాకాలమంతా పని లేని ఉప్పు రైతుకు ఏమీ రాదు. "సముద్రం ఒకటే గదా, ఆలకి తల్లీ మాకు సవితి తల్లీ ఏటి?" అని వదిన ప్రశ్న. ఈ ప్రశ్నే ఆవిడ మా బడి వార్షికోత్సవానికి వచ్చిన రాజ్యసభ సభ్యురాలి చెయ్యి పట్టుకుని అడిగేసింది. ఆ మేడమ్ చెయ్యి విడిపించుకోలేదు. మొత్తం విని, "సభలో అడుగుతానమ్మా. నా పదవీకాలం అయిపోవస్తోంది, ఈ శీతాకాల సమావేశాల్లోనే అడగాలి. వచ్చి వినండి, పాసులు నేను చూస్తాను" అన్నారు. తన పేరు రాయవద్దని కోరారు కాబట్టి ఇక్కడ మేడమ్ అనే అంటాను.

రైలెక్కే ముందు వదిన ఒక మాటనేసింది. "సూడు సత్తెమ్మీ, ఆ పెద్దల సబలో మన మాట పడిందా, ఈ ఏడు మడి తొక్కుతాను. నేదా, వొగ్గీసి రొయ్యల కంపెనీకి ఎల్లిపోతాను. ఇదే ఒట్టు." వదిన ఒట్టు సంగతి నాకు తెలుసు. కాఫీ మానేస్తానని ఒట్టేసి, ఇప్పటికీ ముట్టని మనిషి.

మయూర్ విహార్

నా చిన్ననాటి స్నేహితురాలు భారతి భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. మయూర్ విహార్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. మేము దిగేసరికి ఊరంతా పొగ. వదిన కిటికీలోంచి చూసి "ఎవులింట్లో ఏటి మాడిపోనాది?" అంది. అది ఊరి గాలే అని భారతి చెప్పినా నమ్మలేదు.

భారతి కూతురికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. వదినకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా ఇద్దరూ రాత్రి భోజనాల దాకా కబుర్లే కబుర్లు. ఏం మాట్లాడుకున్నారే అంటే, "ఆ గుంటకి పప్పులో ఉప్పు సాలదంతన్నాది" అంది వదిన. నిజమే. ఆ పిల్ల వంటగదిలోంచి ప్యాకెట్ ఉప్పు తెచ్చి చూపించింది. వదిన దాన్ని వేళ్ళ మధ్య నలిపి, "పిండిలాగున్నాది, పాపం" అని జాలిపడింది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో పప్పులోకి మా మూటలోంచే ఉప్పు పడింది. మేడమ్ వాటా తరిగిపోతుందేమోనని నా భయం నాది.

భారతి మాకోసం తన గది ఖాళీ చేసి తాను హాల్లో పడుకుంది. ఎంత చెప్పినా వినలేదు. రజాయి కప్పుకుంటే ఇంక చలి ఎక్కడిది? ఆ రజాయి బరువు ఇప్పటికీ నా భుజాల మీద ఉన్నట్టే ఉంటుంది.

గేటు దగ్గర తగువు

పార్లమెంటు రిసెప్షన్ దాకా భారతి మాతో వచ్చింది. వరుసలో మా వంతు వచ్చింది. తనిఖీ చేసే సెక్యూరిటీ ఆవిడ మూట చూసింది. తెల్లటి పలుకులు. ఏమిటని అడిగింది. నమక్ అన్నాను, సోషల్ టీచరుకు హిందీ అంతవరకే వచ్చు. ఆవిడ చెయ్యి చాచి, "అమ్మాజీ, ఇధర్ దీజియే" అంది.

వదిన మూటను గుండెకు హత్తుకుంది.

ఆవిడ మళ్ళీ చెయ్యి చాచింది. వదిన ఒక అడుగు వెనక్కి వేసింది. పార్లమెంటు గుమ్మంలో తెల్లపొడి మూట పట్టుకుని ఇవ్వనంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. వెనక వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. ఇంకో ఇద్దరు సిబ్బంది దగ్గరికి వచ్చారు. నాకు చెమటలు పట్టాయి, అంత చలిలో.

"ఇచ్చీ వదినా, నీకు దండం పెడతాను!"

"ఇత్తాను. సేతికి మాత్రం ఇవ్వను. ఉప్పు సేతికిత్తే తగువొత్తాది. కింద పెడతాను, తీసుకోమను."

మా వైపు ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. ఉప్పు చేతి నుంచి చేతికి మారకూడదు. ఒకరు కింద పెట్టాలి, రెండోవాళ్ళు తీసుకోవాలి. బల్లకవతల నిలబడ్డ భారతి ఇదంతా హిందీలో అరిచి చెప్పింది. సెక్యూరిటీ ఆవిడ ఒక్క క్షణం మమ్మల్ని చూసి, ఫక్కున నవ్వి, "అరే దీదీ, యహా తో వైసే భీ రోజ్ ఝగడా హోతా హై!" అంది. ఇక్కడ ఎలాగూ రోజూ తగువేనట! అని, ప్లాస్టిక్ ట్రే ఒకటి బల్ల మీదకు జరిపింది. వదిన మూట ట్రేలో పెట్టింది. ఆవిడ అందులోంచి తీసి, ముడి విప్పి, ఒక పలుకు చిదిమి చూసి, లోపలికి మాత్రం వీల్లేదంది. మళ్ళీ ట్రేలోనే పెట్టి మా వైపు జరిపింది. అంత హడావిడిలో, అంతమంది చూస్తుండగా, భాష రాని ముసలావిడ పట్టింపును మన్నించిన ఆ తల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలి. భారతి మూటతో ఇంటికి వెళ్ళిపోయింది. మా ఫోన్లు, పర్సులు, ఆఖరికి నా కలం కూడా బయటే ఉండిపోయాయి.

ఎవలు గెలిసినారు?

రాజ్యసభ లోపలంతా ఎర్రటి తివాచీ, ఎర్రటి కుర్చీలు. కమలం పువ్వు మూసగా కట్టారట. ఇన్నేళ్ళు నల్లబల్ల మీద రెండు డబ్బాలు గీసి, ఒకదాంట్లో లోక్‌సభ, ఒకదాంట్లో రాజ్యసభ అని రాసి బెత్తంతో చూపించిన మనిషిని నేను. ఆ రెండో డబ్బాలో కూర్చున్నానని తెలిసేసరికి కళ్ళు చెమర్చాయి. ఎందుకో నాకే తెలియదు.

వదినకు వేరే అనుమానం. "పెద్దల సబ అంటే ముసలోల్లుంటారనుకున్నాను. ఆ మూల బాబుకి గెడ్డమైనా తెల్లబడనేదు!" ముప్పై ఏళ్ళు నిండితే చాలు వదినా అని చెవిలో చెప్పాను. గ్యాలరీ సిబ్బంది మాట్లాడవద్దని వేలు చూపించారు.

అధ్యక్షులు వచ్చారు, అందరూ లేచారు. కాగితాలేవో బల్ల మీద పెట్టినట్టు చదివారు. అంతే, ఒక పక్కవాళ్ళు లేచారు. రెండో పక్కవాళ్ళూ లేచారు. అటువాళ్ళు ఇటు వేళ్ళు చూపిస్తారు, ఇటువాళ్ళు అటు. మధ్యలో అధ్యక్షులు కూర్చోండి, కూర్చోండి అంటున్నారు. మా బడిలో ఏడో తరగతి గుర్తొచ్చిందంటే తప్పు పడతారేమో, కానీ గుర్తొచ్చింది. మా మేడమ్ కాగితం పట్టుకుని కూర్చునే ఉన్నారు. కాసేపటికి సభ వాయిదా పడింది. మమ్మల్ని లేపి బయటకు పంపేశారు.

మెట్లు దిగుతూ వదిన అడిగింది. "ఎవలు గెలిసినారు?"

ఎవరూ గెలవలేదు వదినా.

"ఉప్పు సేతికివ్వకపోయినా తగువొచ్చీసింది సూడు!"

నేను నవ్వాను గానీ నాకు దిగులుగా ఉంది. ఇలాగే రోజూ వాయిదా పడితే ఆవిడ మడి సంగతేమిటి? సాయంత్రం మేడమ్ ఫోన్ చేసి తానే క్షమాపణ చెప్పారు. జీరో అవర్‌లో మాట్లాడాలంటే మళ్ళీ నోటీసు ఇవ్వాలి, మళ్ళీ జాబితాలో పేరు రావాలి. మర్నాటికి రాలేదు. ఆ మర్నాటికి చూద్దాం అన్నారు.

అశోకా రోడ్

ఖాళీ దొరికిన రోజు భారతి మమ్మల్ని అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనానికి తీసుకెళ్ళింది. అక్కడి వరుస పార్లమెంటు వరుసకేమీ తీసిపోదు. పప్పు, గోంగూర, కారప్పొడి, నెయ్యి, అడిగినన్నిసార్లు అన్నం. ఢిల్లీవాళ్ళు కూడా చేత్తో కలుపుకుని తినడం చూసి వదినకు ఊరిమీద సగం కోపం తగ్గింది.

మా బల్ల దగ్గరే లక్ష్మీ నగర్ హాస్టల్లో ఉండి సివిల్స్‌కు చదువుతున్న వరంగల్ అమ్మాయి కూర్చుంది. మేమెందుకొచ్చామో విని ముద్ద చేతిలోనే ఆపేసింది.

"రాజ్యసభల అడిగిపిస్తున్రా? మస్తు పని చేసిన్రు ఆంటీ. గని ఒకటి ఎరుకేనా, పైసల బిల్లు మీద ఆళ్ళకు అధికారం లేదు. లోక్‌సభ పంపిన మనీ బిల్లును పద్నాలుగు దినాలల్ల తిప్పి పంపాలె. ఏమన్న చెప్తే చెప్పొచ్చు, ఇనుడు ఇనకపోవుడు కింది సభ ఇష్టం."

వదిన మొహం వాడిపోయింది. నా వైపు తిరిగి, "నీకు తెల్దేటి?" అంది. తెలుసు. ఏటేటా చెప్పే పాఠమే. కానీ భృతి అంటే పైకమే అని, పైకం సంచి మూతి ఈ సభ చేతిలో లేదని, ఆ పాఠాన్నీ మా ఇంటి ఉప్పునూ నేను ఎన్నడూ కలిపి చూడలేదు.

ఆ అమ్మాయి గాబరాపడింది. "అయ్యో, అట్ల కాదు ఆంటీ! ఇనుండ్రి. మిగిలిన బిల్లులల్ల రెండు సభలూ సమానమే. కొత్త అఖిల భారత సర్వీసు పెట్టాలంటే ముందుగాల ఈ సభనే తీర్మానం చెయ్యాలె. రాష్ట్రాల జాబితల ఉన్న దాని మీద కేంద్రం చట్టం చెయ్యాలన్నా ఈ సభనే ఒప్పుకోవాలె. రాష్ట్రాల సభ కదా ఇది."

"మరి ఉప్పు?" అంది వదిన. "ఉప్పు రాట్రానిదా, ఢిల్లీదా?"

"ఉప్పు కేంద్రం జాబితలనే ఉంది ఆంటీ! మీరు సక్కగ రావాల్సిన ఊరికే వచ్చిన్రు."

ఆ ఒక్క మాటకు వదిన మళ్ళీ గోంగూర వేయించుకుంది. లేచేటప్పుడు ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "కలెకటేరువై మా జిల్లాకే రా" అని దీవించింది.

బయట బండి మీద కాల్చిన చిలగడదుంపలు అమ్ముతున్నారు. శకర్‌కంది అంటారు. ఆకు దొన్నెలో ముక్కలు, పైన నిమ్మరసం, నల్ల ఉప్పు. నలభై రూపాయలు. వదిన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఓలమ్మో! ఉప్పుకి ఈ కంపేటి? కుళ్ళిన గుడ్డునాగ!" అంది. బండివాడికి అర్థమైపోయింది. ఇంకో దొన్నె ఉప్పు లేకుండా చేసి ఇచ్చాడు, దానికి డబ్బు తీసుకోలేదు. ఎంత ఇవ్వబోయినా "రహనే దో మా జీ", ఉండనీ అమ్మా, అంటాడు. చలి ఊరు గానీ మనుషులు వెచ్చన.

మూడు నిమిషాలు

మేడమ్ పేరు వచ్చింది. మళ్ళీ అవే ఎర్ర కుర్చీలు, అదే గ్యాలరీ. ఈసారి గేటు దగ్గర అదే సెక్యూరిటీ ఆవిడ, మమ్మల్ని చూసి "నమక్?" అని నవ్వింది. లేదని వదిన రెండు చేతులూ విప్పి చూపించింది.

సభ నిలబడింది. ఎవరెవరివో విషయాలు వచ్చాయి, ఒక్కొక్కరికి మూడేసి నిమిషాలు. రైలు ఆగని స్టేషను, డాక్టరు లేని ఆసుపత్రి, ఎండిపోతున్న చెరువు. దేశంలోని దిగుళ్ళన్నీ వరుసలో నిలబడి తమ వంతు కోసం చూస్తున్నాయి. మాదొక్కటే అనుకుని వచ్చాం.

మేడమ్ లేచారు. వదిన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. సిబ్బంది పరుగున వచ్చి చేతులు దించమన్నారు.

ఆవిడ తెలుగులో మాట్లాడారు, మిగతావాళ్ళు చెవికి పెట్టుకున్న యంత్రాల్లో అనువాదం విన్నారు. "అధ్యక్షా, ఈ దేశంలో ఏ ఇంట్లోనూ ఉప్పు లేకుండా పొయ్యి వెలగదు. ఆ ఉప్పు పండించే మనిషి కాళ్ళు ఎలా ఉంటాయో మనలో ఎందరం చూశాం?" అంటూ మొదలుపెట్టారు. వదిన గబుక్కున కాళ్ళు చీర కిందకు లాక్కుంది. కరిగిన రాశుల గురించి చెప్పారు. పనిలేని నెలల గురించి చెప్పారు. పక్క వీధిలో వేటకు వెళ్ళేవాళ్ళకు వచ్చే భృతి గురించి, అది వాళ్ళకు అందడం ఎంత న్యాయమో కూడా చెప్పారు. సముద్రం ఒకటే కదా అన్న వదిన మాటను ఉన్నదున్నట్టు చెప్పారు. నాకు ఒళ్ళు జలదరించింది. మా వాకిట్లో చేటలో బియ్యం ఏరుతూ మొదట అన్న మాట అది!

"కాబట్టి అధ్యక్షా, తమరి ద్వారా నేను ప్రభుత్వాన్ని కోరేదేమంటే..."

మైకు ఆగిపోయింది.

మూడు నిమిషాలు అయిపోయాయి. మేడమ్ పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అధ్యక్షులు తరవాతి పేరు పిలవబోతున్నారు. అడగవలసిన అసలు ముక్క అడగనేలేదు. వదిన నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

అప్పుడు కింద ఒక చెయ్యి లేచింది. గుజరాత్ నుంచి వచ్చిన సభ్యుడట. నేనూ ఈ విషయంతో ఏకీభవిస్తున్నాను అన్నారు. వెనక వరుసలో తమిళనాడు సభ్యురాలు చెయ్యెత్తారు. తరవాత ఒడిశా. తరవాత ఇంకెవరో, ఇంకెవరో. మొన్న ఒకరి మీద ఒకరు వేళ్ళు చూపించుకున్న రెండు పక్కల నుంచీ, అవే చేతులు, ఇప్పుడు మాకోసం లేచాయి. ఏకీభవించినవాళ్ళ పేర్లు చేర్చండని అధ్యక్షులు చెప్పి ముందుకు సాగారు. అంతా క్షణాల్లో అయిపోయింది.

నేను ఏడ్చేశాను. చప్పుడు కాకుండా ఏడవడం ఎంత కష్టమో ఆ గ్యాలరీలోనే తెలిసింది. ఆ సభ్యులెవరికీ మా ఊరు తెలియదు, మా ఓట్లు అక్కర్లేదు. వాళ్ళ తీరాల్లోనూ ఉప్పు పండుతుంది, అంతే. ఆ చేతులకు ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను, ఇప్పుడు దించమనేవాళ్ళు లేరు.

వదిన మాత్రం ఏడవలేదు. బయటకు వచ్చాక కూడా.

మేడమ్ గారింట్లో

ఆ సాయంత్రం మేడమ్ టీకి పిలిచారు. వరండాలో మల్లెపొద ఒకటి చలికి ముడుచుకుని ఉంది. వదిన మూట తీసింది. మేడమ్ చెయ్యి చాచబోయి, చటుక్కున వెనక్కి తీసుకుని, "కింద పెట్టమ్మా, నేను తీసుకుంటాను" అన్నారు. వదిన టీపాయ్ మీద పెట్టింది. మేడమ్ తీసుకుని కళ్ళకద్దుకున్నారు.

"ఆఖరి వాక్యం మింగేశాను, క్షమించండి" అన్నారు. "వాళ్ళు పేర్లు కలిపారు కాబట్టి బరువొచ్చింది. అయినా అబద్ధం చెప్పను. డబ్బు సంచి మా సభ దగ్గర లేదు. మంత్రి చూడాలి, ప్రభుత్వం తలుచుకోవాలి, పద్దు కింది సభలో పడాలి."

"మరి మీ దగ్గర ఏటున్నాదమ్మా?" అంది వదిన.

నేను సిగ్గుతో చచ్చాను. మేడమ్ నవ్వారు. "నోరుంది. ఓపికుంది. ఇంకోసారి చూడండి అని చెప్పే హక్కుంది. లోక్‌సభ ఐదేళ్ళకోసారి రద్దవుతుంది. ఈ సభ ఎప్పుడూ రద్దు కాదు. రెండేళ్ళకోసారి మాలో మూడో వంతు దిగిపోతాం, కొత్తవాళ్ళు వస్తారు. రేపు నేనుండను. మీ ఉప్పు మాట రికార్డులో ఉంటుంది. చెయ్యెత్తినవాళ్ళలో ఉండేవాళ్ళుంటారు."

వదిన తల ఊపింది. టీ తాగింది. వచ్చేటప్పుడు మేడమ్ ఆవిడకు శాలువా కప్పారు. ఆ శాలువాతోనే రైలెక్కింది. దారి పొడుగునా కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉంది. మడి తొక్కుతావా వదినా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. సభలో మాట పడిందనాలా, పడలేదనాలా? అడగాల్సింది అడగనేలేదు కదా. ఒట్టు ఒట్టే కదా. ఊరు దగ్గరపడేకొద్దీ రొయ్యల కంపెనీ బస్సు నా కళ్ళముందు తిరిగింది.

మడి గట్టు మీద

వచ్చిన మర్నాడు బడికి వెళ్తూ కావాలనే మడుల దారిన వెళ్ళాను. తూర్పున ఎర్రగా ఉంది. వదిన శాలువా గట్టు మీద మడత పెట్టి ఉంది. ఆవిడ మడిలో ఉంది. చీర ఎగ్గట్టి, పిక్కల దాకా బంకమట్టిలో, ఒక మూల నుంచి ఇంకో మూలకు తొక్కుతోంది.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. గట్టు మీదే నిలబడి అడిగేశాను. "వదినా, మైకు కట్టేశారు కదా, మన మాట పూర్తిగా పడలేదు కదా! మరి ఒట్టు?"

ఆవిడ ఆగలేదు. తొక్కుతూనే చెప్పింది.

"పూర్తిగా పడ్డానికి మనమేటన్నా సేతికిచ్చామేటి? అంతమంది ముందర కింద పెట్టీసినాం. ఇంక తీసుకోడం ఆల పని."

రెండడుగులు వేసి మళ్ళీ తలెత్తింది. "తీసుకునేసరికి ఉప్పుండాల గదా ఇక్కడ. నువ్ బడికెల్లు, గంట కొట్టీసినారు."